టీ పడిన ల్యాప్‌టాప్ కీబోర్డ్: ఆరబెడితే సరిపోతుందా, మదర్‌బోర్డ్ కూడా పోయినట్టేనా?

తమ్ముడు అడిగింది క్లుప్తంగా ఇదీ. ఎస్వీ యూనివర్సిటీ దగ్గర హాస్టల్లో రాత్రి రికార్డ్ రాసుకుంటా ఉంటే పాల టీ గ్లాసు ల్యాప్‌టాప్ కీబోర్డ్ మీద పడింది, సగం గ్లాసు ఉంటాదంట. ఆఫ్ చేసి, తుడిచి, బోర్లా పెట్టి ఫ్యాన్ కింద ఆరబెట్టినాడు, రూమ్మేట్ చెప్పినాడని బియ్యం సంచిలో కూడా పెట్టి తీసినాడు. తర్వాత ఆన్ చేస్తే విండోస్ దాకా పోయింది, స్క్రీన్ బాగుంది, కానీ ఐదారు కీలు పడటం లేదు, ఒక కీ మాత్రం దానంతటదే పడతానే ఉంది. సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేస్తే కీబోర్డ్, మదర్‌బోర్డ్ (లోపల చిప్‌లన్నీ ఉండే పెద్ద బోర్డు) రెండూ మార్చాల్సి రావచ్చు అన్నారు. ఇంకొన్నాళ్ళు ఆరితే కీలు తిరిగొస్తాయా, అంతవరకు యూఎస్‌బీ కీబోర్డ్ పెట్టుకోని వాడుకోవచ్చా, నిజంగానే మదర్‌బోర్డ్ పోయిందా, ఇవీ ప్రశ్నలు.

ముందు సూటిగా చెప్పేస్తా. పోయిన కీలు ఎన్ని రోజులు ఆరబెట్టినా రావు, ఒకటీ అరా వచ్చినా మళ్ళీ పోతాయి, కీబోర్డ్ దాదాపుగా మార్చుకోవాల్సిందే. మదర్‌బోర్డ్ మాత్రం, విండోస్ దాకా పోయింది అంటున్నావు కాబట్టి, ఇప్పటికైతే బతికే ఉండాది. కానీ వెనక మూత విప్పి లోపల కడిగించేదాకా మళ్ళీ ఆన్ చేయొద్దు, చార్జర్ అసలే పెట్టొద్దు. యూఎస్‌బీ కీబోర్డ్ పెట్టుకోని వాడేది కడిగినాక అయితే మంచి ఆలోచనే, కడగకముందు అయితే బాగుండే బోర్డుని చేతులారా పోగొట్టుకునేది.

నాది తిరుపతిలో లీలామహల్ సర్కిల్ వైపు చిన్న రిపేర్ అంగడి. హాస్టళ్ళు, కోచింగ్ సెంటర్లు, జిరాక్స్ డీటీపీ అంగళ్ళు జాస్తిగా ఉండే ఊరు కదా, టీ, కాఫీ పడిన కేసులు వస్తానే ఉంటాయి. వచ్చిన ప్రతి ఒక్కరూ చెప్పే మాట ఒకటే, "బాగా ఆరబెట్టినాం న్నా, తడి లేదు". తడి లేని మాట నిజమే, కాదనను. టీలో నీళ్ళు ఆవిరైపోతాయి, మరి చక్కెర, పాలలో కొవ్వు, ఉప్పులు యాడికి పోతాయి? బోర్డు మీద, కీబోర్డ్ పొరల మధ్య పడిన చోటే ఉండిపోతాయి. పైగా ఆ మరకకి గాలిలో తేమని లాక్కునే గుణం ఉంటాది. ఏప్రిల్, మే నెలల్లో గట్టిగా ఎండిపోయి ఏ గొడవా చేయదు, నవంబర్లో మనకి ముసురు పట్టినప్పుడు మళ్ళీ చెమ్మగిల్లుతాది. "అన్నా, ఎండాకాలంలో టీ పడింది, ఇన్నాళ్ళూ బాగానే పని చేసింది, ఇప్పుడు ఉన్నట్టుండి చచ్చిపోయింది" అని వానాకాలంలో తెచ్చేవాళ్ళు ప్రతి ఏడాదీ ఉంటారు, అది ఉన్నట్టుండి చచ్చిపోయింది కాదు, నెలల తరబడి లోపల తినుకుంటా వచ్చింది.

తినడం అంటే ఏం జరుగుతాదో చెప్తా. చెమ్మ ఉంది, దాంట్లో ఉప్పులు కరిగి ఉన్నాయి, పక్కపక్కనే ఉండే రెండు పాయింట్ల మధ్య ఓల్టేజ్ తేడా ఉంది. ఈ మూడూ ఒక్క చోట కలిస్తే ప్లస్ వైపు ఉండే రాగి కొంచెం కొంచెంగా కరిగిపోయి ఆకుపచ్చగా, తెల్లగా పొడి తేలతాది. కరెంట్ లేకపోతే ఇదే పని చాలా నిదానంగా జరుగుతాది, కరెంట్ ఉంటే గంటల్లోనే మొదలవుతాది. ఇక్కడ జనం మర్చిపోయే సంగతి ఏందంటే, ల్యాప్‌టాప్ షట్‌డౌన్ చేసినంత మాత్రాన లోపల కరెంట్ పోదు. బ్యాటరీ కనెక్టర్ పెట్టి ఉన్నంతసేపూ పవర్ బటన్ నొక్కితే కనిపెట్టడానికి, చార్జర్ పెట్టినారా లేదా చూసుకోవడానికి 3.3 ఓల్టులు, 5 ఓల్టుల లైన్లు బోర్డులో కొన్ని చోట్ల ఎప్పుడూ నడుస్తానే ఉంటాయి. అందుకే నేను చేతిలోకి తీసుకున్న ఎంబటే చేసే పని వెనక మూత తీసి బ్యాటరీ కనెక్టర్ ఊడదీయడం. మిగతావి అన్నీ తర్వాత. ఇంతకుముందు బ్యాటరీ బయటినుంచే క్లిప్ తీసి లాగేసే మోడళ్ళు ఉండేవి, ఆ కాలంలో ఈ బాధ సగం తక్కువ ఉండేది.

ఇంగ కీబోర్డ్ సంగతి. ల్యాప్‌టాప్ కీబోర్డ్ లోపల, మామూలు డెస్క్‌టాప్ కీబోర్డ్ లోపల కూడా, మూడు పల్చటి ప్లాస్టిక్ షీట్లు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. పైదాని మీద, కిందదాని మీద వెండి కలిపిన ఇంకుతో గీసిన గీతలు ఉంటాయి, నడుమ షీటుకి కీ కింద మాత్రం బెజ్జం ఉంటాది. కీ నొక్కితే ఆ బెజ్జంలోంచి పైగీత కిందగీతకి తగలతాది, అంతే, అక్షరం పడతాది. టీ ఈ షీట్ల మధ్యలోకి దూరిందంటే రెండు అద్దాల మధ్య చుక్క నీళ్ళు పీల్చుకున్నట్టు చానా దూరం పాకిపోతాది, పడింది ఒక మూల అయితే చెడిపోయేది ఇంకో మూల. బయటినుంచి గుడ్డ పెట్టి ఎంత తుడిచినా ఆ మధ్యలో ఉండేది రాదు. ల్యాప్‌టాప్ వాటిలో ఈ షీట్లు చుట్టూ అంటించేసి ఉంటారు కాబట్టి విడదీసి కడిగే దారి కూడా దాదాపు లేదు.

మరి పోయిన కీలు అక్కడొకటి ఇక్కడొకటి ఎందుకు ఉన్నాయి అని చాలామందికి అనుమానం. ప్రతి కీకి విడిగా వైరు ఉండదు తమ్ముడూ, అడ్డం లైన్లు, నిలువు లైన్లు ఉంటాయి, రెండు కలిసే చోట ఒక కీ. ఎనిమిది అడ్డం, పదహారు నిలువు అనుకో, 24 లైన్లతోనే 128 కీలు చూసుకోవచ్చు. బోర్డు మీద ఒక కంట్రోలర్ చిప్ ఉంటాది, అది సెకనుకి ఎన్నోసార్లు ఒక్కో లైన్‌ని తట్టి చూస్తా ఉంటాది. ఒక గీత తెగిందంటే ఆ లైన్లో ఉండే కీలన్నీ ఒక్కసారే పోతాయి, అవి కీబోర్డ్ మీద ఒక వరసలో ఉండాలని రూలేం లేదు, మోడల్‌ని బట్టి మారతాది. నీకు పోయిన ఐదారు కీలు ఒకే గీత మీద ఉండేవి అయ్యుంటాయని నా అంచనా. దానంతటదే పడతా ఉండే కీ మాత్రం దీనికి ఉల్టా, అక్కడ గీత తెగలేదు, చక్కెర మరక రెండు గీతల్నీ కలిపేసి పట్టుకుంది, కంట్రోలర్‌కి ఆ కీ ఎవరో నొక్కిపెట్టినట్టే కనిపిస్తాది. ఇట్ల లైన్ ప్రకారం కీలు పోయినాయంటే తప్పు దాదాపు ఎప్పుడూ కీబోర్డ్‌దే, మదర్‌బోర్డ్‌ది కాదు. దాదాపు అన్నానే, ఎందుకంటే ఆ షీట్లనుంచి వచ్చే రిబ్బన్, అంటే పట్టీ మాదిరి పల్చటి వైరు, బోర్డులో దూరే కనెక్టర్ దగ్గర టీ నిలిచిపోయినా ఇవే లక్షణాలు వస్తాయి. అది కడిగితే పోయే జబ్బు.

తేల్చుకోవడం కష్టమేం కాదు. లోపల శుభ్రం చేసినాక, కీబోర్డ్ రిబ్బన్ ఊడదీసేసి, యూఎస్‌బీ కీబోర్డ్ ఒకటి పెట్టి ఆన్ చేసి చూస్తాం. అప్పుడు మిషన్ మామూలుగా నడిచి, అక్షరాలు దానంతట అవి పడటం ఆగిపోతే బోర్డు బాగున్నట్టే. దీంట్లో ఒక మెలిక ఉండాది. ఇప్పుడొచ్చే చాలా మోడళ్ళలో పవర్ బటన్ కూడా కీబోర్డ్‌లోనే ఒక కీ లాగా కుడివైపు పైన ఉంటాది. రిబ్బన్ తీసేస్తే ఆన్ చేసే బటనే ఉండదు, తెలియనివాళ్ళు "బోర్డు చచ్చిపోయింది" అనేస్తారు. అట్లనే ఆ బటన్ కింద తడి చేరితే ల్యాప్‌టాప్ అర్ధరాత్రి తనంతట తాను ఆన్ అవుతాది, లేదంటే నొక్కినా పలకదు. ఇట్లాంటిదే ఒకటి చిత్తూరు నుంచి వచ్చింది, ముందు చూపించిన అంగడిలో బోర్డు పోయింది, కొత్తది కొనుక్కోండి అన్నారంట, కీబోర్డ్ మార్చేసరికి లేచి కూర్చుంది.

లోపల ఎట్లుంటాదో ఒకటి చెప్తా, అప్పుడు నేను ఎందుకింత మొత్తుకుంటున్నానో తెలుస్తాది. మెడికల్ చదివే అమ్మాయి ల్యాప్‌టాప్, ఫిల్టర్ కాఫీ పడింది, బాగానే పని చేస్తా ఉంది, చార్జింగ్ మాత్రం ఒక్కోసారి ఎక్కడం లేదు అని తెచ్చింది. మూత తీస్తానే పులిసిన పాల వాసన. కీబోర్డ్ వెనకుండే అల్యూమినియం రేకు మీద కాఫీ కారిన చార గోధుమ రంగులో, అంచులు ముదురుగా, నడుమ పల్చగా, కిందికి వంపు తిరిగి బోర్డు దాకా వచ్చి ఆగి ఉంది. ఆగింది చార్జింగ్ సర్క్యూట్ పక్కన. అక్కడ ఆవగింజలో సగం కూడా లేని కెపాసిటర్లు ఉంటాయి, వాటి కాళ్ళ చుట్టూ పచ్చగా బూజు పట్టినట్టు పొడి. కీబోర్డ్ రిబ్బన్ కొసన బంగారు రంగు గీతలు వరసగా ఉంటాయి కదా, వాటిలో రెండు నల్లబడినాయి. అదృష్టం, ఇంకా ఏదీ పూర్తిగా తెగలేదు, కడిగి, రెండు చిన్న పార్టులు మార్చితే సరిపోయింది. ఇంకో రెండు మూడు నెలలు అట్లే వాడి ఉంటే బోర్డు కింద లేయర్లలో రాగి తెగిపోయేది, అప్పుడు ఎవరూ ఏం చేయలేరు.

కడగడం అంటే మేము చేసేది ఇది. బ్యాటరీ, ఎస్‌ఎస్‌డీ (ఫైళ్ళన్నీ ఉండే డ్రైవ్), ర్యామ్, ఫ్యాన్ తీసేస్తాం, కాయిన్ సెల్ ఉంటే అది కూడా. బోర్డు బయటికి తీసి 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పోసి మెత్తటి బ్రష్‌తో మరక ఉండే చోట రుద్దుతాం, చక్కెర మాత్రం ఆల్కహాల్‌కి తొందరగా కరగదు, నీళ్ళకే కరుగుతాది, కాబట్టి పాకం మాదిరి గట్టిపడి ఉంటే ముందు డిస్టిల్డ్ వాటర్‌తో ఆ మరక తీసి, తర్వాత ఆల్కహాల్‌తో ఆ నీళ్ళని తరిమేస్తాం. పెద్ద చిప్‌ల అడుగున చేరిన దానికి బ్రష్ అందదు, దానికి అల్ట్రాసోనిక్ బాత్ అని, ద్రవంలో సన్నటి అదురు పుట్టించి మురికి వదిలించే మిషన్ ఉంటాది, అందులో వేస్తాం. ఆరినాక మల్టీమీటర్ పెట్టి పవర్ లైన్లలో యాడన్నా షార్ట్ ఉందా చూసుకోని, అప్పుడు బ్యాటరీ పెడతాం.

ఇది ఇంట్లో చేసుకోవచ్చా అంటే, స్క్రూడ్రైవర్ పట్టి అలవాటు ఉంటే వెనక మూత తీసి బ్యాటరీ కనెక్టర్ ఊడదీయడం వరకు చెయ్యి. అది చేస్తే సగం పని అయినట్టే, తర్వాత రెండు రోజులు ఆలస్యంగా అంగడికి తెచ్చినా పెద్ద నష్టం ఉండదు. స్క్రూలు అన్నీ ఒకే పొడవు ఉండవు, యాడ తీసింది ఆడనే పెట్టేటట్టు ఒక అట్ట మీద గుచ్చి పెట్టుకో, పొట్టిదాని చోట పొడుగుది బిగిస్తే పైకి పొడుచుకోని వస్తాది. మోడల్‌ని బట్టి కొన్ని స్క్రూలు కింద రబ్బరు కాళ్ళ అడుగున దాక్కోని ఉంటాయి. రిబ్బన్ జోలికి మాత్రం చూసుకోని పో, కనెక్టర్ మీద నల్లటి సన్న రెక్క ఉంటాది, దాన్ని గోరుతో పైకి లేపితేనే రిబ్బన్ వదులు అవుతాది, లేపకుండా లాగితే ఆ రెక్క విరిగి, అప్పుడు నిజంగానే బోర్డు పని పడతాది.

ఆల్కహాల్ విషయంలో ఒక జాగ్రత్త. ఎలక్ట్రానిక్స్ సామాన్లు అమ్మేచోట ఐసోప్రొపైల్ అని అడిగి 99 శాతం ఉండేది తీసుకో. 70 శాతం దాంట్లో మిగతా 30 నీళ్ళే. హ్యాండ్ శానిటైజర్ వద్దేవద్దు, దాంట్లో గ్లిజరిన్ ఉంటాది, జిడ్డు మిగులుతాది. ఫ్యాన్ ఆడే గదిలో, పొయ్యికి, సాంబ్రాణికి, అగరబత్తికి దూరంగా పెట్టుకో, అది బాగా మండే సరుకు. స్క్రీన్ మీద చల్లొద్దు.

బియ్యం గురించి. ఎవరు కనిపెట్టినారో కానీ ప్రతి ఇంట్లో ఇదే వైద్యం. బియ్యం మూత లోపల, షీట్ల మధ్యలో ఉండే తడిని బయటికి లాగలేదు. ఊరికే గాలి తగిలేచోట బోర్లా పెట్టినదానికంటే బియ్యంలో పెట్టింది మెరుగు అని నాకెప్పుడూ అనిపించలేదు, పైగా బియ్యప్పిండి దుమ్ము తడికి అంటుకుంటాది, గింజలు యూఎస్‌బీ పోర్టులోకి, ఫ్యాన్ జాలిలోకి దూరతాయి, చిమటా పెట్టి తీసేది నేను. హెయిర్ డ్రయ్యర్ ఇంకా చెడ్డది, కీ కింద సన్నటి ప్లాస్టిక్ కత్తెర క్లిప్పులు వంకర పోతాయి, గాలి జోరుకి ద్రవం ఇంకా లోపలికి పోతాది. మిద్దె మీద ఎండలో పెట్టేవాళ్ళు కూడా ఉన్నారు. మన ఊర్లో మే నెల ఎండ 40 డిగ్రీలు దాటుతాది, నల్ల మూత దానికంటే ఇంకా వేడెక్కుతాది, బ్యాటరీకి, స్క్రీన్‌కి రెండిటికీ దెబ్బ.

ఇప్పుడు ఇది చదివే వాళ్ళలో ఎవరికన్నా ఈ క్షణంలోనే పడి ఉంటే చేయాల్సిన వరస: గోడ దగ్గర స్విచ్ ఆపి చార్జర్ పీకేయండి, పవర్ బటన్ గట్టిగా పది సెకన్లు నొక్కి పట్టుకోండి, ఫైల్ సేవ్ చేద్దాం, మెనూలోకి పోయి షట్‌డౌన్ చేద్దాం అని ఆగొద్దు. మౌస్, పెన్‌డ్రైవ్ తీసేయండి. తర్వాత స్క్రీన్ బాగా తెరిచి, టేబుల్ అంచున కీబోర్డ్ బోర్లా ఉండి స్క్రీన్ కిందికి వేలాడేటట్టు పెట్టండి, కింద పాత లుంగీ గుడ్డ ఏదన్నా పరవండి. అటూ ఇటూ ఊపొద్దు, ఊపితే పడిన చోట ఉండేది బోర్డంతా పాకుతాది. కొన్ని మోడళ్ళకి నీళ్ళు పడితే తట్టుకుంటాది అని రాసి ఉంటాది, కింద నీళ్ళు పోయేందుకు బెజ్జాలు కూడా ఇస్తారు కొన్నిటికి, అదంతా కొంచెం పడితే నీకు ఆఫ్ చేసుకునేంత టైం ఇవ్వడానికే, పోసుకోమని కాదు. బ్యాటరీ ఉబ్బినట్టున్నా, వేడిగా ఉన్నా, నెయిల్ పాలిష్ మాదిరి తియ్యటి వాసన వచ్చినా దాన్ని పడక గదిలో పెట్టుకోవద్దు, ఆరుబయట బండ మీద పెట్టి మెకానిక్‌ని పిలవండి.

పడింది ఏమిటి అనేదాన్ని బట్టి కూడా ఉంటాది. మంచినీళ్ళు, అంటే వాటర్ క్యాన్ నీళ్ళు, అన్నిటికంటే నయం. బోరు నీళ్ళు అంత నయం కాదు, బకెట్ అంచున తెల్లగా పేరుకుంటాదే, అదే ఉప్పు బోర్డు మీద కూడా పేరుకుంటాది. చక్కెర లేని బ్లాక్ టీ కొంత మేలు, పాల టీ, కాఫీ చెడ్డవి, కూల్ డ్రింకులు చక్కెరా పులుపూ రెండూ ఉంటాయి కాబట్టి ఇంకా చెడ్డవి. నా లెక్కలో అన్నిటికంటే దరిద్రం మన నన్నారి షర్బత్. పాకం, నిమ్మరసం, కొందరు చిటికెడు ఉప్పు కూడా వేస్తారు, అంటే కీలు అతుక్కోవడానికి కావాల్సింది, రాగిని తినడానికి కావాల్సింది, కరెంట్ పారడానికి కావాల్సింది ఒక్క గ్లాసులో సిద్ధం. ఎండాకాలంలో బండి దగ్గర కొనుక్కోని వచ్చి సిస్టమ్ పక్కన పెట్టుకుంటారు, ఏం చెప్పేది. తీపి పడిన దాన్ని కడగకుండా వదిలేస్తే చీమలు కూడా వస్తాయి, నవ్వులాటకి చెప్పడం లేదు, స్పేస్ బార్ కింద గూడు కట్టి ఉండేది తీసి చూపిస్తే ఓనర్ కుర్చీలోంచి లేచి నిలబడినాడు.

డెస్క్‌టాప్ కీబోర్డ్ అయితే కథ వేరు, అక్కడ భయపడాల్సింది ఏం లేదు. కొన్ని వందలు పెడితే కొత్తది వస్తాది. మామిడి సీజన్లో చిత్తూరు వైపు గుజ్జు ఫ్యాక్టరీ ఆఫీసుల్లోంచి తోతాపురి గుజ్జు పూసుకున్న కీబోర్డులు వస్తాయి, వాటికి నేను రిపేర్ చార్జీ తీసుకోను, కొత్తది కొనుక్కోమని చెప్పి పంపిస్తా. అయినా దాచుకోవాలనుకుంటే కడుక్కోవచ్చు. పీకేసి, కీలు యాడ ఏది ఉండాదో ఫోన్లో ఫోటో తీసుకోని, వెనక స్క్రూలు తీయాలి, ఒక స్క్రూ స్టిక్కర్ కింద దాక్కోని ఉండేది అలవాటు. ప్లాస్టిక్ భాగం, కీలు, రబ్బరు షీటు సబ్బు నీళ్ళలో కడగొచ్చు. గీతలు ఉండే షీట్లని మాత్రం మెత్తటి తడిగుడ్డతో అద్దాలి, రుద్దితే గీత లేచి వచ్చేస్తాది. చివర ఒకసారి ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌తో తుడిచి నీడలో ఆరబెట్టి బిగించుకోవాలి. ఆ చిన్న కంట్రోలర్ బోర్డు ఉంటాది కదా వైరు వచ్చే చోట, దాన్ని నీళ్ళలో ముంచొద్దు. గేమింగ్ పిల్లలు వాడే మెకానికల్ కీబోర్డులకి కీక్యాప్ లాగేసి స్విచ్‌లోకి ఆల్కహాల్ చుక్కలు వేసి చానాసార్లు నొక్కితే చాలావరకు వస్తాయి, రాకపోతే ఆ ఒక్క స్విచ్ మార్చుకోవచ్చు, ఊడదీసి పెట్టే రకం అయితే టంకం పని కూడా ఉండదు.

మళ్ళీ నీ ల్యాప్‌టాప్‌కి వద్దాం. ఖర్చు సంగతి. మామూలుగా అందరి దగ్గరా ఉండే మోడళ్ళకి కీబోర్డ్ ఒక్కటే వెయ్యి నుంచి రెండు వేల లోపల దొరుకుతాది, లైటు వెలిగే రకం అయితే ఇంకొంచెం. తిరుపతిలో స్టాక్ లేకపోతే చెన్నై రిచీ స్ట్రీట్ నుంచి తెప్పిస్తాం, దగ్గరే కాబట్టి పెద్ద ఆలస్యం ఉండదు. మెలిక ఏందంటే ఇప్పటి సన్న ల్యాప్‌టాపుల్లో కీబోర్డ్‌ని స్క్రూలతో కాకుండా ప్లాస్టిక్ గుబ్బలు కరిగించి పై మూతకి అతికించేస్తున్నారు, అవి అన్నీ కోసి, కొత్తది పెట్టి, మళ్ళీ సోల్డరింగ్ ఐరన్‌తో కరిగించి అతికించాలి, సరిగ్గా అతకకపోతే టైప్ చేసేటప్పుడు కీబోర్డ్ నడుమ పరుపు మాదిరి దిగతాది. అందుకని మోడల్‌ని బట్టి పై మూత మొత్తం మార్చేదే మేలు అవుతాది, ఖర్చు పెరుగుతాది. మ్యాక్‌బుక్ అయితే ఇంకా ఎక్కువ, అక్కడ చాలా మోడళ్ళకి పై మూత, కీబోర్డ్ కలిపి, కొన్నిటికి బ్యాటరీ కూడా కలిపి ఒకే సామాను మాదిరి ఇస్తారు.

సర్వీస్ సెంటర్ వాళ్ళు మదర్‌బోర్డ్ మార్చాలి అన్నారని వాళ్ళని దొంగలు అనొద్దు. కంపెనీ సెంటర్లలో మామూలుగా బోర్డు మీద చిన్న పార్టు మార్చే పని పెట్టుకోరు, తడి తగిలిన బోర్డుకి గ్యారంటీ ఇచ్చి పంపాలంటే వాళ్ళకి మార్చడమే దారి. మామూలు వారంటీలో తడి వల్ల వచ్చిన రిపేర్ రాదు, లోపల తడి తగిలితే రంగు మారే చిన్న స్టిక్కర్లు కూడా పెడతాయి కొన్ని కంపెనీలు, కాబట్టి "నీళ్ళు పడలేదు సార్" అని చెప్పి లాభం లేదు. అయితే కొనేటప్పుడు యాక్సిడెంటల్ డ్యామేజ్ ప్లాన్ ఏమన్నా తీసుకోని ఉన్నావా అనేది బిల్లు తీసి చూడు. ఆ ప్లాన్ ఉంటే నా లాంటి బయట అంగడికి తీసుకురావొద్దు, మూత విప్పకుండా నేరుగా వాళ్ళ దగ్గరికే పో, విప్పితే వాళ్ళు వద్దనేదానికి సాకు దొరుకుతాది.

ఇంకొకటి, దీన్ని పట్టించుకోక ఏడ్చినవాళ్ళని చూసినా. నీ ప్రాజెక్ట్ ఫైళ్ళు దాంట్లో ఉన్నాయి అంటే ల్యాప్‌టాప్ ఆన్ చేసి కాపీ చేసుకోవాలనుకోవద్దు. డిలీట్ కీనో ఎంటర్ కీనో దానంతటదే పడతా ఉంటే ఏం నొక్కుతాదో ఏం చెరుపుతాదో చెప్పలేం. ఎస్‌ఎస్‌డీ ఊడదీసి యూఎస్‌బీ డబ్బాలో పెట్టి వేరే కంప్యూటర్లో కాపీ చేసుకోవచ్చు, చిన్న పని. కానీ ఇప్పటి విండోస్‌లో చాలావాటికి డ్రైవ్ ఎన్‌క్రిప్షన్, అంటే ఫైళ్ళకి వేసే తాళం, దానంతటదే ఆన్ అయి ఉంటాది, నీకు తెలియకుండానే. అప్పుడు వేరే కంప్యూటర్లో పెట్టినా, మదర్‌బోర్డ్ మార్చినా 48 అంకెల రికవరీ కీ అడుగుతాది. అది సాధారణంగా నీ మైక్రోసాఫ్ట్ అకౌంట్లో ఉంటాది, ఫోన్లోనుంచి లాగిన్ అయి ముందే రాసిపెట్టుకో. ఆ కీ యాడా దొరక్క, ఆ అకౌంట్లోకి మళ్ళీ పోయే దారి కూడా లేకపోతే నేను చేసేదేం లేదు, ఇంగ ఎవరూ చేసేదేం లేదు.

కడిగించినాక, కొత్త కీబోర్డ్ వచ్చేలోపల వాడుకోవాలంటే పాత కీబోర్డ్ రిబ్బన్ ఊడదీయించుకోనే వాడు, అప్పుడు తప్పుడు కీలు పడవు. పవర్ బటన్ దాంట్లోనే ఉండే మోడల్ అయితే ఊడదీయలేవు, అప్పుడు విండోస్ డివైస్ మేనేజర్లో లోపలి కీబోర్డ్‌ని ఆపే ప్రయత్నం చేయొచ్చు, అన్ని మోడళ్ళలో కుదరదు. లాగిన్ పాస్‌వర్డ్‌లో ఉండే అక్షరమే పోయి ఉంటే, లాగిన్ స్క్రీన్ మీద కుడివైపు కింద యాక్సెసిబిలిటీ గుర్తు ఉంటాది, అది నొక్కితే స్క్రీన్ మీదే కీబోర్డ్ వస్తాది, మౌస్‌తో కొట్టుకోవచ్చు. పోయింది ఒకటే కీ, అదీ ఎప్పుడో ఒకసారి వాడేది అయితే పవర్‌టాయ్స్ అని మైక్రోసాఫ్ట్ వాళ్ళ ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, దాంట్లో ఆ పని ఇంకో కీకి అప్పజెప్పొచ్చు. నీకు పోయింది ఐదారు కాబట్టి ఆ కుస్తీ దండగ.

అంగడిలో ఇచ్చేటప్పుడు రెండు మాటలు స్పష్టంగా చెప్పు, కీబోర్డ్ మార్చడమే కాదు బోర్డు బయటికి తీసి కడగాలి, కడగకముందు, కడిగినాక ఫోటోలు తీసి వాట్సాప్‌లో పంపాలి అని. కొందరు పైన కీబోర్డ్ మార్చి లోపల మరక అట్లే వదిలేస్తారు, నెలకి మళ్ళీ వస్తాది మిషన్. తీసుకునేటప్పుడు డబ్బులు ఇచ్చేముందు నోట్‌ప్యాడ్ తెరిచి ప్రతి కీ నొక్కి చూసుకో, షిఫ్ట్ రెండు వైపులా, స్పేస్ బార్ రెండు చివర్లా, ఫంక్షన్ కీలు, లైటు. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్‌లో టైప్ చేసేవాడివైతే డి కీ ఇంకొంచెం గట్టిగా చూడు, పొల్లు ఉండేది దాని మీదే, అది సరిగ్గా పడకపోతే ఒత్తు ఒక్కటీ రాదు. చార్జర్ పెట్టి శాతం పెరుగుతా ఉందో లేదో ఓ పది నిమిషాలు ఆడనే కూర్చోని గమనించు. పాత కీబోర్డ్ అడిగి ఇంటికి తెచ్చుకో, కొత్తది అదే రకం అయితే రేపెప్పుడన్నా ఒక కీ మూత ఊడిపోయినా, క్లిప్పు విరిగినా దాంట్లోంచి తీసి పెట్టుకోవచ్చు.